కొత్తగా వార్డులో నర్సుగా చేరిన మా అమ్మలుకి

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మగవాళ్ళ సర్జికల్ వార్డులో వేశారని, నలభై మంచాలకి ఇద్దరే సిస్టర్లని, సింకు ఎక్కడో వార్డు ఆ చివర ఉందని, అక్కడ సబ్బుంటే నీళ్ళుండవు నీళ్ళుంటే సబ్బుండదని చెప్పి, ఆఖర్న "పెద్దమ్మా, ఒక్కో పేషెంటుకీ చేతులు కడుగుతూ కూర్చుంటే ఇంజెక్షన్లు ఎప్పుడు చేస్తాను" అని నవ్వావు. ముప్ఫై ఏళ్ళ కిందట నేనూ అచ్చం అలాగే అని నవ్వాను. మా హెడ్ సిస్టర్ మాత్రం నవ్వలేదు. కాగితం మీద లెక్క వేయించింది. నీతోనూ అదే వేయిస్తాను.

నీ వంతు ఇరవై మంది అనుకో. ఒక మంచం దగ్గర పని అయ్యాక చేసే హ్యాండ్ రబ్ (స్పిరిట్ మందుతో చేతులు రుద్దుకోవడం), మధ్యలో ఇంకేదీ ముట్టుకోకుండా నేరుగా పక్క మంచానికి వెళ్తే, ఆ పక్కాయనకి ముందు చేయాల్సినది కూడా అయిపోతుంది. ఒక్కోసారి 20 నుంచి 30 సెకన్లు. ఇరవై మందికి పది నిమిషాలు. ఇంజెక్షన్ ముందు, డ్రెస్సింగ్ ముందు ఇంకోసారి రుద్దుకోవాలి కాబట్టి ఇంకో పది వేసుకో. మొత్తం ఇరవై నిమిషాలు. అదే ప్రతిసారీ సింకు దాకా నడిచి సబ్బుతో కడగాలంటే కడగడానికే 40 నుంచి 60 సెకన్లు, నడక వేరే, ఆ లెక్కన నువ్వన్నట్టే డ్యూటీ అవదు. అంటే నిన్ను తినేస్తున్నది నడక. బాటిల్ నీ ట్రాలీకి కట్టుకో. వార్డులో లేదంటే ఇన్‌చార్జి సిస్టర్‌తో ఇండెంట్ పెట్టించు, వారం రోజులు విసుగు పుట్టేదాకా అడుగు, ఇస్తారు. చేతికి రక్తం, చీము కంటికి కనిపించేలా అంటినప్పుడూ, విరేచనాల పేషెంటు దగ్గర చేసి వచ్చినప్పుడూ మాత్రం సింకుకి వెళ్ళక తప్పదు. విరేచనాలు తెచ్చే కొన్ని క్రిములకి స్పిరిట్ అంటే లెక్కలేదు, సబ్బూ నీళ్ళూ పడితేనే వదులుతాయి.

ఎక్కువమంది ఎక్కడ తప్పుతారో తెలుసా? పేషెంటుని ముట్టుకున్నాక కాదు, "నేను పేషెంటుని ముట్టుకోలేదు కదా" అనుకున్నప్పుడు. సెలైన్ స్పీడు సర్దావు, మంచం రాడ్డు పట్టుకున్నావు, దుప్పటి సరిచేశావు, కేస్ షీట్ రాశావు, మధ్యలో ఫోన్ మోగితే తీశావు. పొడిగా ఉన్న రాడ్డు మీద కూడా ఎసినెటోబాక్టర్ లాంటి క్రిములు రోజుల తరబడి బతికే ఉంటాయి. గ్లవ్స్ సంగతీ అంతే. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని అవే గ్లవ్స్‌తో నాలుగు మంచాలు తిరిగేవాళ్ళని నువ్వే చూస్తావు. అలా తిరిగితే గ్లవ్స్ వాళ్ళ చేతిని కాపాడతాయేమో గానీ నాలుగో మంచం ఆయన్ని కాపాడవు. తీసిన ప్రతిసారీ మళ్ళీ చేతులు రుద్దుకోవాల్సిందే.

ఇప్పుడు నేను సిగ్గుపడే సంగతి ఒకటి చెప్తాను. నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో, పేరెందుకులే, సిజేరియన్ అయినవాళ్ళ వార్డులో వరసగా కుట్లు విచ్చుకోవడం మొదలైంది. కట్టు విప్పితే దూదంతా ఆకుపచ్చగా, ఏదో తీయటి వాసన. మేమంతా ఆపరేషన్ థియేటర్ మీద పడ్డాం, వాళ్ళు మా మీద పడ్డారు. చివరికి మైక్రోబయాలజీ మేడమ్ వచ్చి తలుపు గడియ దగ్గర్నుంచీ అన్నిటి మీదా స్వాబ్‌లు తీసుకెళ్ళారు. దొరికింది ఎక్కడో తెలుసా? మా డ్రెస్సింగ్ ట్రాలీ మీద చీటిల్ ఫోర్సెప్స్ (దూది తీసే పొడవాటి పటకారు) నిలబెట్టే లోషన్ సీసాలో. మందే క్రిముల్ని చంపుతుందని మేం నిశ్చింతగా ఉన్నాం. లోషన్ తగ్గినప్పుడల్లా పైన ఇంత పోసేవాళ్ళం తప్ప, సీసా ఖాళీ చేసి కడిగి మరిగించింది ఎప్పుడో ఎవరికీ గుర్తులేదు. నీళ్ళు ఎక్కువై పల్చబడ్డ లోషన్‌లో సూడోమొనాస్ అనే క్రిమి హాయిగా కాపురం పెట్టింది. ఆ ఫోర్సెప్స్‌తోనే మేం స్టెరైల్ దూది తీసి ఒక్కొక్క బాలింతకీ కట్టు కట్టాం. ఆ వారం పై నుంచి పోసింది నేనే. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని యాంటీబయాటిక్స్ కోసం ఇంకో పది రోజులు అక్కడే పడి ఉన్న ఆ తల్లుల ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

కాబట్టి మీ వార్డులో ఫోర్సెప్స్ ఇంకా లోషన్‌లోనే నిలబెడుతుంటే, రోజూ ఆటోక్లేవ్ చేసిన (ఒత్తిడి ఆవిరిలో క్రిములు చంపిన) ఫోర్సెప్స్‌ని పొడి సీసాలో పెట్టే పద్ధతికి మారదామని ఇన్‌చార్జి సిస్టర్‌కి మెల్లగా చెప్పు. ఏ సీసా అయినా సరే, పై నుంచి నింపొద్దు. ఇంకోటి కూడా చూడు. క్యాన్యులా (నరంలో పెట్టే మందు గొట్టం) ఫ్లష్ చేయడానికని ఒక సెలైన్ బాటిల్ రబ్బరుకి సూది గుచ్చి అలాగే వదిలేసి, వచ్చినవాళ్ళంతా అందులోంచే లాక్కుంటూ ఉంటారు. పొద్దున గుచ్చిన సూది రాత్రికీ అక్కడే ఉంటుంది. నాకు నచ్చని దృశ్యాల్లో అది మొదటిది. ఆ బాటిల్‌లోకి ఏదైనా చేరిందంటే వార్డులో సగం మంది రక్తంలోకి నువ్వే ఎక్కించినట్టు. నువ్వు మాత్రం ఆ సూది తీసి తెల్ల డబ్బాలో వేసి, బాటిల్ పారేసి, నీకు కావాల్సినది విడిగా తీసుకో. ఎవరైనా గొణిగితే గొణగనీ.

డ్రెస్సింగ్‌లకి వరస పెట్టుకో. శుభ్రంగా ఉన్న కుట్లు ముందు, చీము పట్టినవి ఆఖరికి. వంటింట్లో నీచు గిన్నె చివర్లో కడుగుతాం చూడు, అంతే. క్యాన్యులా మందు ఎక్కించే మూతని స్పిరిట్ దూదితో ఊరికే తాకించి వదిలేయకు, పదిహేను సెకన్లు గట్టిగా రుద్ది ఆరనివ్వు. పెట్టిన తేదీ ప్లాస్టర్ మీద రాయి. ఎర్రబడిందా, నొప్పి అంటున్నాడా అని షిఫ్టుకోసారి చూడు. అవసరం లేని క్యాన్యులా, అవసరం లేని యూరిన్ ట్యూబు (ఫోలీస్) ఒంట్లో ఉంచితే ఆ ఉన్న ప్రతి రోజూ ముప్పు పెరుగుతూ పోతుంది. అందుకే రౌండ్స్‌లో "సార్, ఈయనకి ఫోలీస్ ఇంకా కావాలా?" అని రోజూ అడుగు. ఆ ఒక్క ప్రశ్నతో ఆగే జ్వరాలు చాలా ఉన్నాయి.

యూరిన్ బ్యాగు అనగానే గుర్తొచ్చింది, జగ్గు! ఒకే జగ్గు పట్టుకుని వార్డులో బ్యాగులన్నీ వరసగా ఖాళీ చేసుకుంటూ పోతారు. బ్యాగు ముక్కు ఆ జగ్గు అంచుకి తగులుతుంది, అక్కడి నుంచి పక్క మంచానికి. ఒక్కో పేషెంటుకి ఒక్కో పాత్ర ఉండాలి. అది కుదరకపోతే మధ్యలో కడిగి హైపోలో, అంటే క్రిముల్ని చంపే క్లోరిన్ మందు నీళ్ళలో, పెట్టాలి, ముక్కు తగలనివ్వకూడదు, గ్లవ్స్ మార్చాలి. ఎక్స్‌రేకి తీసుకెళ్ళేటప్పుడు బ్యాగుని పేషెంటు పొట్ట మీద పెట్టి స్ట్రెచర్ తోసేస్తారు, అప్పుడు మూత్రం వెనక్కి పోతుంది. అటెండెంట్‌తో "ఇది ఎప్పుడూ మంచం కన్నా కిందే వేలాడాలి బాబూ, నేలకి తగలకూడదు" అని ఒక్కసారి నచ్చజెప్తే, చాలామంది మనకన్నా జాగ్రత్తగా చూసుకుంటారు. అటెండెంట్ల మీద అరవకు. వాళ్ళు పక్క మంచం మీద కూర్చుంటారు, అన్నం అక్కడే తింటారు, నిజమే. కూర్చోడానికి ఒక స్టూలు చూపించి చెప్తే వింటారు.

ఇది సర్జికల్ వార్డే అయినా దగ్గే పేషెంటు రాకుండా ఉండడు. రెండు వారాలుగా దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గాడంటే, డాక్టరు టీబీ అని తేల్చేదాకా ఆగకుండా, ఆయన్ని కిటికీ పక్క మంచానికి మార్చి, సర్జికల్ మాస్కు ఇచ్చి, కళ్ళె పరీక్ష గురించి డాక్టరుకి గుర్తుచెయ్యి. విడిగా గది ఉంటే ఇంకా మంచిది. టీబీ క్రిమి గాల్లో తేలుతూ ఉంటుంది కాబట్టి నీకు ఎన్‌95 ఉండాల్సిందే, మామూలు మాస్కు చాలదు. కిటికీలు చలికాలంలోనూ తెరిచే ఉంచు. జలుబు, ఫ్లూ లాంటివి తుంపర్లతో ఎక్కువగా దగ్గర్లో ఉన్నవాళ్ళకే అంటుతాయి. చీము గాయాలు, విరేచనాలు ముట్టుకుంటే పాకుతాయి. ఎదురుగా ఉన్నది ఏ దారిన వస్తుందో తెలిస్తే ఏం వేసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

తెలియనప్పుడే కష్టం. 2018లో కేరళలో నిపా అనే వైరస్ జబ్బు వచ్చినప్పుడు పేరాంబ్ర తాలూకా ఆస్పత్రి నర్సు లిని అలాగే పోయింది. ఇద్దరు చిన్నపిల్లలు. ఆమె సేవ చేసినప్పుడు అది నిపా అని ఎవరికీ తెలియదు. మామూలు జ్వరం పేషెంటు అనుకున్నారు. అందుకే పేరు పెట్టి జబ్బు తేలాక జాగ్రత్తపడటం అనేది మన పనిలో కుదరదు. రక్తం, ఒంట్లోంచి వచ్చే ఏ ద్రవమైనా, ఎవరిదైనా, సోకేదే అనుకుని చెయ్యి. పెద్దాయన, మన ఊరాయన, డాక్టరుగారి మామగారు అని మినహాయింపులు పెట్టుకోకు.

సూది సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. వాడిన సూదికి మూత పెట్టకు, అంతే. నేను పెట్టాను, రాత్రి మూడు గంటలకి నిద్రమత్తులో, చూపుడు వేలికి దిగింది. ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు ఏడ్చాను. హెపటైటిస్ బి టీకా మూడో డోసు బద్ధకించి వేయించుకోలేదు మరి! టీకా లేనివాళ్ళకి ఆ జబ్బున్న రోగి సూది గుచ్చుకుంటే నూటికి ముప్ఫై దాకా అంటుకునే అవకాశం ఉంది. హెచ్‌ఐవీకి వెయ్యికి మూడు. నాకు ఏమీ కాలేదు, అది నా గొప్ప కాదు, అదృష్టం. నీకు అలా జరిగితే (జరగకూడదు) సబ్బు నీళ్ళతో కడుగు, నొక్కి రక్తం పిండకు, నోట్లో పెట్టుకోకు, స్పిరిట్ పోయకు. అప్పుడే, ఆ నిమిషమే చెప్పు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, మొదలుపెడితే 28 రోజులూ మానకూడదు. తిడతారేమో అని దాచొద్దు. తిట్టించుకో, పర్వాలేదు.

చెత్త డబ్బాల రంగులు మీకు చదువులో చెప్పే ఉంటారు, దూదీ కట్లూ పసుపు, ట్యూబులూ గ్లవ్స్ ఎరుపు, సూదులూ బ్లేడ్లూ తెలుపు, గాజు వయల్స్ నీలం. వేరే డబ్బాలో వేసిన సూది ఆయమ్మ చేతికే గుచ్చుకుంటుంది, ఆవిడకి టీకా వేయించారో లేదో కూడా కనుక్కో. నేల మీద రక్తం ఒలికితే ముందు గుడ్డ కప్పి 1% హైపో పోసి పది నిమిషాలు ఆగి తుడవాలి. డబ్బా మీద 5% అని ఉంటే ఒక పాలుకి నాలుగు పాళ్ళ నీళ్ళు. రోజూ కొత్తగా కలపాలి, నిన్నటిది పనికిరాదు.

డాక్టర్లకి ఎలా చెప్పాలని అడిగావు. చెప్పకు. ఆయన కట్టు విప్పబోయే ముందు బాటిల్ పట్టుకుని పక్కన నిలబడి చెయ్యి చాపు, "సార్" అను. పాతికేళ్ళలో కాదన్నవాళ్ళు ఇద్దరే ఇద్దరు నాకు.

మీ అత్తగారు గాజులు తీస్తే ఒప్పుకోదని నీ గొడవ. మెట్టెలు, మంగళసూత్రం ఉంచుకో, సూత్రాలు డ్రెస్ లోపలికి వేసుకో. గాజులు, ఉంగరం, వాచీ మాత్రం డ్యూటీలో వద్దు, వాటి కింద ఎంత రుద్దినా వదలదు. గోళ్ళు కత్తిరించు. గోరింటాకు పర్లేదు, గోళ్ళ రంగు వద్దు. ఆవిడతో నేను మాట్లాడతాలే. యూనిఫాం ఇంట్లో బట్టలతో కలపకుండా విడిగా ఉతుక్కో. చేతులు పగిలితే రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకో, పగిలిన చర్మంలో క్రిములు ఇంకా ఎక్కువ చేరతాయి.

నీ హెపటైటిస్ బి కార్డు ఫొటో రేపు పొద్దున్నకల్లా నాకు పంపు. మూడు డోసులూ అయిపోయి ఉంటే నెలా రెండు నెలల తర్వాత టీకా పట్టిందో లేదో చూసే యాంటీబాడీ పరీక్ష చేయించుకోవాలి, పదికి (mIU/mL) పైన రావాలి. అవకపోతే ఎల్లుండి నీకు నైట్ ఆఫ్ కదా, వెళ్ళి వేయించుకుని ఆ తర్వాతే ఇంటికి రా. బస్సులో ఆవకాయ సీసా, ట్రాలీకి కట్టుకోడానికి రెండు హ్యాండ్ రబ్ బాటిళ్ళు పంపిస్తున్నాను.

మీ పెద్దమ్మ