ఆ దున్నపోతుకి కళ్ళజోడు తీసెయ్

కోడలు పిల్లకి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన చిత్తుబొమ్మ చూశాను. చెరువు, తాటిచెట్లు, గేదెలు, మేకలు అన్నీ ఎక్కడివక్కడ కుదురుగా ఉన్నాయి. దాని జబ్బే అది. ఎవరి ఊరైనా కావచ్చు. చిన్నప్పుడు గేదె వీపెక్కి చెరువు దాటిన నువ్వు అందులో ఎక్కడా కనపడలేదు.

ఫొటోలు ముందు పెట్టుకుని గీసినట్టున్నావు. పక్కన పడెయ్. అప్పుడు నువ్వు ఇంత పిల్లవి, నీ కళ్ళకి గేదె పాక కన్నా పెద్దది. అలాగే గీయి. తెలంగాణలో కథలు చెప్పడానికి గీసే చేర్యాల నకాషీ పటాలు చూడు, ఎర్రటి నేల మీద కథలో ఎవరిది పైచెయ్యో వాళ్ళే పెద్దగా ఉంటారు. దూరం, దగ్గర అన్న లెక్కే ఉండదు.

కొలతలు ఎంతైనా మార్చు గానీ జంతువు తీరు తప్పకూడదు. నీ మేకలకి తోకలు వేలాడుతున్నాయేమిటే? వేలాడేది గొర్రె తోక. మేక తోక పైకి లేచి ఉంటుంది. పల్లెటూరివాళ్ళు ముందు పట్టుకునేది అదే. పడుకున్న గేదె లేచేటప్పుడు వెనక కాళ్ళు ముందు లేపుతుంది. ఆ కాసేపూ ముందు మోకాళ్ళ మీద వంగి దణ్ణం పెడుతున్నట్టుంటుంది. ఆ భంగిమ పట్టుకున్నావంటే నవ్వు దానంతటదే వస్తుంది, దున్నపోతుకి కళ్ళజోడు పెట్టే అవసరం ఉండదు. మేక కంటిపాప అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది. ఒక్క మేకకైనా ఆ కన్ను పెద్దగా వెయ్యి, అల్లరంతా అక్కడే ఉంది. చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి ఎచ్చింగులు, అదే లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మలు, ఎక్కడైనా ప్రదర్శనకి వస్తే వెళ్ళి చూడు. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన మనిషి. ఎంత పేరొచ్చినా ఆ మేకల్ని వదల్లేదు.

నీటిరంగులే కదా నువ్వు వాడేది? గేదెకి ట్యూబులో నలుపు వద్దు, ఒంట్లో ప్రాణం పోతుంది. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు, అల్ట్రామెరైన్ నీలం చిక్కగా కలుపు. ఎండ పడే వీపు మీద నీలం పాలు ఎక్కువ, బురదంటిన పొట్ట దగ్గర అంబర్ ఎక్కువ. వీపు మీది కొంగకి రంగే వెయ్యకు, కాగితం వదిలెయ్. అందుకని ముందే సన్నగా హద్దు గీసుకో.

మన దున్నపోతుకి ఒక కొమ్ము విరిగి ఉండేది, గుర్తుందా? ఎడమది అని నేనంటాను, కుడిది అని మీ అమ్మ అంటుంది. మా తగువు తేలేదాకా ఆగకు. ఏదో ఒకటి విరగ్గొట్టేసి పంపు.

మావయ్య