పెళ్లి కాని జంటకు అడవి కాటేజీలో గది నిరాకరిస్తే...

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, నా స్నేహితుడికి 29. ఇంకా పెళ్లి కాలేదు. అడవి అంచున ఉన్న ఒక ఏకాంత కాటేజీని రెండు రాత్రులకు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని, మొత్తం సొమ్ము ముందే చెల్లించాం. చీకటి పడ్డాక అక్కడికి చేరుకుంటే, పెళ్లయినట్లు రుజువు చూపనిదే గది ఇవ్వనని నిర్వాహకుడు చెప్పాడు. డబ్బు తిరిగి అడిగితే పోలీసులకు, మా ఇళ్లకు ఫోన్ చేస్తానని బెదిరించాడు. మేము చేసింది నేరమా? డబ్బు వదులుకోవలసిందేనా?

జవాబు: ముందుగా మీ మనసులోని భయం తొలగిపోవాలి. మీరు చేసినది నేరం కాదు. 18 ఏళ్లు నిండిన ఇద్దరు పరస్పర అంగీకారంతో ఒకే గదిలో బస చేయడాన్ని నిషేధించే చట్టమేదీ మన దేశంలో లేదు. మద్రాసు హైకోర్టు 2019లో ఒక బస కేంద్రం మూసివేతకు సంబంధించిన కేసులో ఈ మాటే స్పష్టంగా చెప్పింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తీర్పునిచ్చింది. బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగించే అశ్లీల చర్యలకు, నేరాలకు శిక్షలు నిర్దేశించే భారతీయ న్యాయ సంహితలోని 296వ సెక్షన్ వర్తిస్తుంది గానీ, మూసిన తలుపుల వెనుక ఉన్న గది బహిరంగ స్థలం కాదు.

అయితే ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు కారణంగా హోటళ్లలో ప్రవేశం నిరాకరించరాదని రాజ్యాంగం 15(2)వ అధికరణం చెబుతోంది. ఆ జాబితాలో వివాహ స్థితి లేదు. కనుక పెళ్లి కాని జంటలకు గది ఇవ్వబోమని ఒక ప్రైవేటు యజమాని నియమం పెట్టుకుంటే, అది ఎంత అన్యాయంగా తోచినా, కేవలం దానిని పట్టుకుని గెలవడం కష్టం. మీ బలం మరోచోట ఉంది. ఆ నియమాన్ని బుకింగ్ సమయంలో చెప్పకుండా సొమ్ము తీసుకుని, రాత్రివేళ వెనక్కి పంపి, ఆ సొమ్మును తన వద్దే ఉంచుకోవడమే అసలు తప్పు. అవసరమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపమే. అందుచేత ఆ కాటేజీ షరతుల పేజీని, చెల్లింపు రసీదును, మెసేజీలను ఈ రోజే భద్రపరచుకోండి. ఆ పేజీని రేపు మార్చివేసే అవకాశం ఉంది.

బెదిరింపును తేలికగా తీసుకోవద్దు. చట్టబద్ధంగా మీకున్న హక్కును వాడుకోకుండా చేసేందుకు మీ పరువుకు హాని చేస్తానని భయపెట్టడం, న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరపూరిత బెదిరింపుగా పరిగణించదగినది. దీనికి రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఒకవేళ అతడు అదనంగా డబ్బు గుంజి ఉంటే అది బలవంతపు వసూళ్లకు సంబంధించిన 308వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది.

డబ్బు కోసం మొదట న్యాయవాది ద్వారా యజమానికి, బుకింగ్ సంస్థకు నోటీసు పంపడం మంచిదని నా అభిప్రాయం. వినియోగదారుల ఫిర్యాదులను విచారించే కమిషన్‌కు వెళితే, దాని ఉత్తర్వులు పేర్లతో సహా అందరికీ అందుబాటులో ఉంటాయి. ఇంట్లో తెలుస్తుందన్న ఆందోళన మీకు ఉంది గనుక, నోటీసుతోనే పరిష్కారమైతే మీకు మేలు. సమాధానం రాకపోతే మీరు నివసించే చోటే కాక, ఉద్యోగం చేసే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. గది నిరాకరించిన రోజు నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు కావాలి.