జర్మనీ వచ్చాక హ్యాండ్‌బాల్ చూడటం ఎక్కడ మొదలుపెట్టాలి? మాగ్డెబుర్గ్ నుంచి నా జవాబు

మీరు అడిగినది ఇది: ఎం.ఎస్. కోసం జర్మనీ వస్తున్నారు, కాలేజీ టీమ్‌లో హ్యాండ్‌బాల్ ఆడారు. ఇక్కడ క్లబ్ హ్యాండ్‌బాల్ ఎలా ఉంటుంది, ఛాంపియన్స్ లీగ్ ఎలా నడుస్తుంది, డబ్బు కూడబెట్టి కొలోన్‌లో జరిగే ఫైనల్స్‌కి వెళ్లడం మంచిదా అని అడిగారు.

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. మొదటి ఏడాదే కొలోన్ వెళ్లకండి. మీరు దిగే ఊరికి దగ్గర్లో ఏ క్లబ్ ఉందో చూసుకుని, దాని హాల్‌కి ఒక మామూలు లీగ్ మ్యాచ్‌కి వెళ్లండి. ఈ ఆట బతికేది చిన్న ఊళ్ల హాళ్లలో. అక్కడ ఒక సీజన్ గడిపాక కొలోన్ వెళ్తే, జనం దేనికి ఏడుస్తున్నారో, దేనికి అరుస్తున్నారో మీకూ తెలుస్తుంది.

నేను 2022లో చదువుకోవడానికి మాగ్డెబుర్గ్ వచ్చాను. ఇక్కడి యూనివర్సిటీలో మన తెలుగు పిల్లలు చాలామందే ఉంటారు. హ్యాండ్‌బాల్ గురించి నాకు తెలిసింది దాదాపు సున్నా. మా హైస్కూల్ గ్రౌండ్‌లో ఒక మూల రెండు గోల్‌పోస్టులు ఉండేవి, వాటి మీద బట్టలు ఆరేసేవాళ్లు, అంతే. ఇక్కడ మా అంతస్తులోనే ఉండే ఒక పెద్దావిడకి రెండు సీజన్ టికెట్లు ఉన్నాయి. ఆ చలికాలం వాళ్లాయనకి మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లు ఎక్కలేరు. ఆవిడ నా తలుపు కొట్టి, "బుధవారం రాత్రి ఖాళీయేనా?" అని అడిగారు. అలా మొదలైంది.

అది ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్. రాత్రి 8:45కి మొదలు. ఆరువేల పైచిలుకు జనం పట్టే హాల్, ఎటు చూసినా ఆకుపచ్చ, ఎరుపు జెర్సీలు, డప్పుల మోత. మన ఊళ్లో జాతర రోజు డప్పు దగ్గర నిలబడితే గుండెలో మోగుతుందే, అచ్చం అలాగే. మా సీట్లు కోర్టుకి నాలుగో వరసలో. నాకు మొదట కంటపడింది బంతి కాదు, ఆటగాళ్ల బూట్లు. బూటు మీద తేనెరంగులో ఏదో ముద్ద అంటించి ఉంది. పరిగెత్తే మధ్యలో వంగి రెండు వేళ్లతో దాన్ని తాకి మళ్లీ లేస్తున్నారు. అది జిగురు. బంతి చేతికి అంటుకోవడానికి వాడతారు. మ్యాచ్ అయ్యాక ఎవరో పిల్లవాడికి ఇచ్చిన బంతిని నేనూ ఒకసారి పట్టుకున్నాను. ఒక్క అరచేత్తో పైనుంచి పట్టి, చెయ్యి తిప్పి గాల్లో పెట్టినా బంతి కింద పడలేదు. ఇంటికొచ్చాక సబ్బుతో ఎంత రుద్దినా వదల్లేదు. చివరికి పనసకాయ కోసేటప్పుడు మా అమ్మ చేసే పని గుర్తొచ్చి, వంటనూనె రాసుకుంటే పోయింది. టీవీలో చూసేటప్పుడు వాళ్లు బంతిని అలా ఎలా తిప్పగలుగుతున్నారా అనిపిస్తుంది కదా, సగం మర్మం ఆ జిగురే.

మీరు ఆడినవాళ్లు కాబట్టి రూల్స్ చెప్పక్కర్లేదు. కానీ ఈ స్థాయిలో ఎక్కడ చూడాలో చెబుతాను. బంతి వెంట కళ్లు పరిగెత్తించకండి. ఆరు మీటర్ల గీత దగ్గర, డిఫెండర్ల మధ్య వీపు పెట్టి నిలబడే పివట్‌ని ఒక పది నిమిషాలు చూడండి. కబడ్డీలో గొలుసు పట్టిన డిఫెండర్లు రెయిడర్ కోసం ఎలా కదులుతారో, ఇక్కడ ఆరుగురూ పక్కకి అలా జరుగుతుంటారు. వాళ్ల మధ్య సందు తెరవడమే పివట్ పని. బంతి అతని చేతికి రాకపోయినా గోల్‌లో సగం అతనిదే. ఆ తర్వాత గోల్‌కీపర్‌ని చూడండి. గంట ఆటలో ఒక కీపర్ పదిహేను బంతులు ఆపాడంటే ఆ రోజు ఆ టీమ్‌ని ఓడించడం కష్టం. మరొకటి, కీపర్‌ని బయటికి పిలిచి ఏడుగురితో దాడి చేయడం. 2016 నుంచి ఇది సులువైంది, ఎవరైనా మామూలు జెర్సీతోనే కీపర్ బదులు దిగవచ్చు. బంతి పోయిందా, ఖాళీ గోల్‌లోకి నలభై మీటర్ల నుంచి కొట్టేస్తారు. ఆ బంతి గాల్లో ఉన్న రెండు సెకన్లు హాల్ మొత్తం ఊపిరి బిగబడుతుంది.

ఇక ఛాంపియన్స్ లీగ్ సంగతి. దీన్ని నడిపేది వియన్నాలో ఆఫీసు ఉన్న యూరోపియన్ హ్యాండ్‌బాల్ ఫెడరేషన్. పోటీ పాతదే, 1950ల నుంచి యూరోపియన్ కప్ పేరుతో ఉండేది, ఛాంపియన్స్ లీగ్ అనే పేరు 1993-94 సీజన్‌తో వచ్చింది. నేను చూసిన సీజన్లన్నిటిలో 16 టీమ్‌లు, ఎనిమిదేసి చొప్పున రెండు గ్రూపులు. ఒక్కో టీమ్ సొంత ఊళ్లో ఏడు, బయట ఏడు, మొత్తం 14 మ్యాచ్‌లు ఆడుతుంది. గ్రూపులో మొదటి ఇద్దరూ నేరుగా క్వార్టర్ ఫైనల్‌కి, మూడు నుంచి ఆరు దాకా ఉన్నవాళ్లు ప్లే ఆఫ్‌కి, చివరి ఇద్దరూ ఇంటికి. క్వార్టర్స్ దాటిన నలుగురూ జూన్‌లో కొలోన్ వస్తారు. శనివారం రెండు సెమీస్, ఆదివారం ఫైనల్. 2010 నుంచి అక్కడే, దాదాపు 20 వేల మంది పట్టే అరీనాలో.

ఒక విషయం కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది. తమ దేశంలో లీగ్ గెలిచినంత మాత్రాన అందరికీ ఇందులో చోటు దొరకదు. కొన్ని పెద్ద దేశాలకి సీటు ఖాయం. మిగతావాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి. హాల్ ఎంత పెద్దది, జనం వస్తారా, టీవీ ప్రసారం ఉందా అని చూసి ఫెడరేషన్ ఎంపిక చేస్తుంది. నాకు ఇది నచ్చదు. మైదానంలో గెలిచినవాడికి కాగితాల మీద ఓటమి ఉండకూడదు.

చోటు దక్కనివాళ్లకి, లీగ్‌లో కాస్త కింద ఉన్నవాళ్లకి యూరోపియన్ లీగ్ ఉంది. దాన్ని చిన్నచూపు చూడకండి. జర్మనీ క్లబ్ ఫ్లెన్స్‌బుర్గ్ 2024, 2025లో వరసగా రెండుసార్లు గెలిచింది. ఆ మ్యాచ్‌లు చూస్తే ఇది రెండో అంచె పోటీ అని ఎవరూ అనరు.

ఇప్పుడు మళ్లీ ఊళ్ల దగ్గరికి వస్తాను, ఎందుకంటే నా మనసంతా అక్కడే ఉంది. ఫుట్‌బాల్‌లో యూరప్ కప్పంటే మాడ్రిడ్, మిలాన్, మ్యూనిక్. హ్యాండ్‌బాల్‌లో కూడా బార్సిలోనా ఉంది, అందరికంటే ఎక్కువగా 12 సార్లు గెలిచింది. కానీ దాని పక్కన ఉన్న పేర్లు చూడండి. హంగరీలో వెస్‌ప్రేమ్, మన బాపట్ల కంటే చిన్న ఊరు, నాలుగుసార్లు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడి నాలుగుసార్లూ ఓడిపోయింది. 2016లో అయితే చివరి పావుగంట ముందు 28-19తో ముందున్నారు. పోలండ్‌లోని కియెల్‌చె వచ్చి స్కోరు సమం చేసి, అదనపు సమయం కూడా దాటించి, పెనాల్టీల్లో 39-38తో కప్పు పట్టుకుపోయింది. కొలోన్‌కి ఓ యాభై కిలోమీటర్ల దూరంలో గుమ్మెర్స్‌బాహ్ అనే ఊరుంది, జనాభా యాభై వేలు. 1967 నుంచి 1983 మధ్య ఐదుసార్లు యూరోపియన్ కప్ గెలిచింది. పెద్ద నగరాల్ని ఫుట్‌బాల్ ఎత్తుకుపోయింది, ఈ ఊళ్లకి హ్యాండ్‌బాలే పరువు, హ్యాండ్‌బాలే పండగ.

మా మాగ్డెబుర్గ్ కథా అదే. తూర్పు జర్మనీ కాలంలో భారీ యంత్రాల ఫ్యాక్టరీల ఊరు. అప్పుడే 1978లో, 1981లో కప్పు గెలిచింది. బెర్లిన్ గోడ కూలాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, కుర్రవాళ్లు పడమటికి వెళ్లిపోయారు. 2002లో వెస్‌ప్రేమ్‌తో ఫైనల్. అప్పట్లో ఫైనల్ కూడా రెండు ఊళ్లలో రెండు మ్యాచ్‌లు. అక్కడ 23-21తో ఓడి, ఇక్కడ 30-25తో గెలిచారు. ఛాంపియన్స్ లీగ్ అనే పేరు వచ్చాక ఆ కప్పు గెలిచిన మొదటి జర్మన్ క్లబ్ ఇదే. మా పక్కింటి ఆవిడ ఆ రోజు హాల్లోనే ఉన్నారు. ఆ టికెట్ ముక్క ఇంకా వంటింట్లో గాజు అలమరాలో, పెళ్లి ఫొటో పక్కన ఉంది. అప్పటి టీమ్‌లో ఆడిన బెన్నెట్ వీగెర్ట్ ఇప్పుడు కోచ్. ఆయన నాన్న ఇంగోల్ఫ్ వీగెర్ట్ 1980 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన తూర్పు జర్మనీ జట్టులో ఉన్నారు. "వీగెర్ట్ వాళ్ల అబ్బాయి" అని ఆవిడ ఇప్పటికీ అంటారు, సొంత బంధువుల పిల్లవాడి గురించి చెప్పినట్టు.

2023 జూన్ ఫైనల్స్ నేను వాళ్లింట్లోనే చూశాను. శనివారం బార్సిలోనాతో సెమీస్‌లో మా ప్లేమేకర్, ఐస్‌లాండ్ కుర్రాడు గీస్లి క్రిస్త్యాన్సన్ భుజం కీలు జారిపోయింది. ఆవిడ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పెనాల్టీల దాకా వెళ్లి 40-39తో గెలిచాం కానీ, ఆ ఇంట్లో ఆ రాత్రి సంతోషం లేదు. మర్నాడు కియెల్‌చెతో ఫైనల్‌కి ఆ అబ్బాయి దిగాడు. ఆవిడ లేచి నిలబడిపోయారు. ఆట మధ్యలో ప్రెస్ గ్యాలరీలో ఒక పోలిష్ జర్నలిస్ట్ కుప్పకూలారు. మ్యాచ్ ఆపేశారు, డప్పులు ఆగిపోయాయి, ఆయన చనిపోయారని తర్వాత తెలిసింది. అదనపు సమయంలో 30-29తో కప్పు మాదే, గీస్లి ఉత్తమ ఆటగాడు. కానీ గెలిచినవాళ్లు ఎగరలేదు. రెండు టీమ్‌ల వాళ్లూ తలలు వంచి నిలబడ్డారు. ఈ ఆట మనుషుల మీద నాకు గౌరవం అక్కడ కుదిరింది.

2025లో మొదటిసారి కొలోన్ వెళ్లాను, రీజినల్ రైళ్లు మారుకుంటూ. దానికి వారం ముందే లీగ్ చివరి రోజున ఒకే ఒక్క పాయింట్ తేడాతో టైటిల్‌ని ఫ్యూక్సే బెర్లిన్ క్లబ్ ఎగరేసుకుపోయింది. సెమీస్‌లో మళ్లీ బార్సిలోనా, 30-30. చివరి క్షణాల్లో మా టిమ్ హోర్న్‌కె వింగ్ నుంచి గోల్ కొట్టాడు. నా పక్కన ఎవరో తెలియని మనిషి నన్ను పైకి ఎత్తేశాడు. ఫైనల్లో ఎదురుగా అదే బెర్లిన్ టీమ్, మథియాస్ గిడ్‌సెల్ లాంటి ఆటగాడు ఉన్న టీమ్. 32-26తో గెలిచాం. వారం పాటు మా ఊళ్లో ఎవరికీ అన్నం సహించలేదంటే నమ్మండి, ఆ సాయంత్రం అంతా తీరిపోయింది. మూడేళ్లు అదే హాల్‌కి వెళ్లి ఆ ఆటగాళ్లని దగ్గర్నుంచి చూడకపోతే నాకు ఆ గెలుపు అంత లోతుగా తగిలేది కాదు. మీకు ముందు కొలోన్ వద్దన్నది అందుకే.

బాధ పెట్టే సంగతులూ ఉన్నాయి. బుందెస్‌లీగాలో, అంటే జర్మనీ లీగ్‌లో, 18 టీమ్‌లు, ఒక్కో టీమ్‌కి 34 మ్యాచ్‌లు. దాని మీద యూరప్‌లో మరో 20 దాకా, జర్మన్ కప్ వేరే, జనవరిలో ప్రతి ఏడూ దేశాల జట్లకి యూరోపియన్ ఛాంపియన్‌షిప్పో ప్రపంచకప్పో. బుధవారం స్పెయిన్‌లో ఆడి ఆదివారం ఇక్కడ లీగ్ మ్యాచ్. భుజాలు, మోకాళ్లు ఎన్నాళ్లు తట్టుకుంటాయి? డబ్బు సంగతీ అంతే. హాంబుర్గ్ 2013లో ఛాంపియన్స్ లీగ్ గెలిచింది, 2016 జనవరిలో దివాలా తీసి సీజన్ మధ్యలో లీగ్ వదిలేసింది. నార్వేలో వైపర్స్ మహిళల టీమ్ 2021, 2022, 2023 మూడేళ్లూ యూరప్ విజేత, 2025 జనవరిలో దివాలా. అన్నట్టు మహిళల ఛాంపియన్స్ లీగ్ కూడా చూడండి, ఫైనల్స్ బుడాపెస్ట్‌లో జరుగుతాయి, హంగరీలోని గ్యోర్ టీమ్ ఆట కళ్లు తిప్పుకోనివ్వదు.

టికెట్ల గురించి: క్లబ్ సొంత సైట్‌లోనే కొనండి. నేను ఒకసారి తొందరపడి వేరే రీసేల్ సైట్‌లో కొన్నాను, గేటు దగ్గర ఆ కోడ్ చెల్లలేదు, వంద యూరోలకి పైగా పోయాయి, బయట చలిలో నిలబడి డప్పులు విన్నాను. నిలబడి చూసే టికెట్లు తక్కువ ధరకి ఉంటాయి, స్టూడెంట్‌కి అవే మేలు. పెద్ద టీమ్‌లతో మ్యాచ్‌లు త్వరగా అయిపోతాయి, పట్టికలో కింద ఉన్న టీమ్‌తో ఆడే మ్యాచ్‌కి ప్రయత్నిస్తే సులువు.

ఇంకో మాట, మీరు ఆడినవాళ్లు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ చిన్న ఊళ్లలో కూడా హ్యాండ్‌బాల్ క్లబ్ ఉంటుంది, కింది డివిజన్లలో ఆడే టీమ్‌లు రెండు మూడు ఉంటాయి. ఈమెయిల్ పెడితే చాలా చోట్ల ట్రయల్ ప్రాక్టీస్‌కి రమ్మంటారు. జర్మన్ రాకపోయినా "పాస్", "వెనక్కి" అర్థమైతే సరిపోతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, నేల పాడవుతుందని చాలా మున్సిపల్ హాళ్లలో జిగురు నిషేధం. వెళ్లే ముందు అడగండి. మీరు ఏ ఊళ్లో చేరుతున్నారో కింద రాయండి, దగ్గర్లో ఏ హాల్ ఉందో, ఏ రైలు ఎక్కాలో చెబుతాను.