బ్రక్‌మన్ ఎపిసోడ్ స్లోగా ఉందన్నవాళ్ళకి ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు కొడుకు జవాబు

ప్రశ్న: ఎక్స్-ఫైల్స్ అనే అమెరికన్ టీవీ సీరియల్ మూడో సీజన్‌లో "క్లైడ్ బ్రక్‌మన్స్ ఫైనల్ రిపోజ్" అనే ఎపిసోడ్‌ని అందరూ తెగ మెచ్చుకుంటారు. నాకు స్లోగా అనిపించింది. హంతకుడెవరో మొదట్లోనే చూపించేశారు, ఇంక సస్పెన్స్ ఏముంది? నేనేమైనా మిస్సయ్యానా?

జవాబు: అవును, మిస్సయ్యారు. కోపం తెచ్చుకోకండి. మీ ఇంట్లో ఇన్సూరెన్స్ ఏజెంటు ఎవరూ ఉండి ఉండరు, అంతే.

మా నాన్న గుంటూరులో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు పాలసీలు కట్టించాడు. మాది బ్రాడీపేట. మా నాన్న స్కూటర్ శంకర్ విలాస్ సెంటర్లో కనిపిస్తే గబగబా రోడ్డు దాటేసి అవతలి పక్కకి పోయే మనుషుల్ని చూస్తూ పెరిగాను నేను. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర నాన్న పక్క కుర్చీ చివరిదాకా ఖాళీగా ఉండేది. ఎవరన్నా వచ్చి కూర్చున్నారంటే అప్పటికే ఆయన దగ్గర రెండు పాలసీలు తీసుకున్నవాళ్ళయి ఉండాలి, లేదా వేరే ఊరివాళ్ళు.

ఎపిసోడ్ 1995 అక్టోబరులో వచ్చింది. ముప్ఫై ఏళ్ళయింది కాబట్టి స్పాయిలర్లని గొడవపెట్టకండి, కథ చెప్పేస్తున్నాను. ఎవడో జాతకాలు చెప్పేవాళ్ళని వరసగా చంపుతుంటాడు. చెయ్యి చూసేవాళ్ళు, కప్పులో మిగిలిన టీ ఆకు చూసి జోస్యం చెప్పేవాళ్ళు, ఇలాంటివాళ్ళని. ఎఫ్‌బీఐ వాళ్ళు ముల్డర్, స్కల్లీ వస్తారు. వాళ్ళకి క్లైడ్ బ్రక్‌మన్ అనే ముసలాయన తగులుతాడు. ఆయనకి నిజంగానే భవిష్యత్తు కనిపిస్తుంది, కానీ ఎవరు ఎలా చచ్చిపోతారన్నది ఒక్కటే కనిపిస్తుంది. ఉద్యోగం? లైఫ్ ఇన్సూరెన్స్ అమ్మడం! ఇది రాసిన డారిన్ మోర్గన్‌కి 1996లో టీవీవాళ్ళకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది, బ్రక్‌మన్‌గా వేసిన పీటర్ బాయిల్‌కీ వచ్చింది. తీసింది డేవిడ్ నట్టర్, తర్వాతెప్పుడో గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో ఆ రక్తపాతం పెళ్ళి ఎపిసోడ్ తీసింది కూడా ఈయనే. ఈ మోర్గన్ అంతకుముందు ఇదే సీరియల్లో రబ్బరు సూటు వేసుకుని మురుగుకాలవలో పురుగు మనిషిగా నటించాడట, అక్కడి నుంచి రైటర్ అయ్యాడు. నా ఉద్దేశంలో మాత్రం వాళ్ళింట్లోనో చుట్టాల్లోనో ఒక ఏజెంటు ఉండి తీరాలి. లేకపోతే ఈ కథ తట్టదు. సాక్ష్యం ఏమిటని అడక్కండి, నాకు తెలుసు.

నేను ఇది నాన్నతో కలిసి చూసింది 2020లో, మొదటి లాక్‌డౌన్‌లో. బయటికి వెళ్ళడానికి లేదు, ఆయన కాలు ఒక్కచోట నిలవదు. పొద్దున్నుంచీ ఫోన్లు చేసి "ప్రీమియం డేటు దగ్గరికొచ్చింది, చూసుకోండి" అని చెప్పడం, ఆ తర్వాత హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి హాల్లోకి తిరగడం. ఒకరోజు రాత్రి ఫ్యాన్ కింద కూర్చోబెట్టి ఇది పెట్టాను. ఆయనకి ఇంగ్లీషు చదవడం వచ్చుగానీ అంత స్పీడుగా మాట్లాడితే అందదు. అందుకని నేను ఆపి ఆపి తెలుగులో చెప్తున్నాను. నలభై అయిదు నిమిషాలది రెండు గంటలు పట్టింది. మీకు స్లోగా అనిపించిందా, మా ఇంటికి రావాల్సింది.

బ్రక్‌మన్ ఒక కుర్ర జంటకి పాలసీ అమ్మబోతాడు చూడండి, ఆ సీన్. ఆ అబ్బాయి తర్వాత చూద్దాం అన్నట్టు నసుగుతుంటే ఈయన చాలా మామూలుగా, ఇంకో రెండేళ్ళకి నువ్వు కార్లో ఇంటికెళ్తుంటే తాగినవాడొకడు ఎదురొచ్చి గుద్దుతాడు, పోతావు, అని చెప్పేస్తాడు. బేరం పోయింది. నాన్న కుర్చీలో వెనక్కి వాలి పడీపడీ నవ్వాడు. "వీడు ఏజెంటేంట్రా! పాలసీ అమ్మడానికెళ్ళి చావు మాట ఎత్తుతాడా?"

ఇక్కడ నవ్వెందుకొచ్చిందో చెప్పాలి. మా నాన్న ముప్ఫై ఏళ్ళలో ఏ ఇంట్లోనూ "చనిపోతే" అన్న మాట వాడలేదు. "జరగరానిది జరిగితే" అనాలి. "రేపు ఏదన్నా అయితే" అనాలి. ఇంకా మొహమాటస్తుల ఇల్లయితే "మన తర్వాత" అనాలి. మంగళవారం ఆ మాట ఎత్తకూడదు. సాయంత్రం దీపాలు పెట్టేవేళ అసలే కూడదు, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, ఇంటి ఆడవాళ్ళు ఒప్పుకోరు. కానీ మగవాళ్ళు ఇంట్లో దొరికేది ఆ వేళప్పుడే! దాంతో నాన్న రాత్రి ఎనిమిదింటికి వెళ్ళేవాడు, వాళ్ళు అన్నాల ముందు కూర్చునే టైముకి. అప్పుడింకో పేరు, తిండి టైముకి వస్తాడని. చావు గురించి తప్ప దేని గురించైనా మాట్లాడుతూ చావుకి సంబంధించిన సరుకు అమ్మాలి. అదీ ఉద్యోగం.

యాపి సీన్ కూడా మిస్సవకండి. ద స్టుపెండస్ యాపి అని టీవీ జ్యోతిష్కుడు, పోలీసులే పిలిపిస్తారు. వాడు కనుబొమలు ఎగరేస్తూ హత్య జరిగిన గదిలో ఊగిపోయి, ఇక్కడెవరో నమ్మనివాడున్నాడు, ఆ ప్రభావం అడ్డొస్తోందని అంటాడు. గదిలోంచి పంపేసేది ఎవర్ని? ముల్డర్ని! గ్రహాంతరవాసులు మొదలు అన్నీ నమ్మేవాణ్ణి. తర్వాత వాడు చెప్పే గుర్తులు ఊళ్ళో సగం మందికి సరిపోతాయి. మన దగ్గర పొద్దున్నే ఏ చానల్ పెట్టినా ఇలాంటి యాపి ఒకడుంటాడు, కండువా తేడా అంతే. ధనలాభం, వాహనయోగం, బంధువుల రాక. మీ బండికి ఎదురుగా లారీ వస్తుందని చెప్పడానికి అందులో ఒక్కడికీ నోరు రాదు.

సరిగ్గా ఆ సీన్ దగ్గరే నాన్న "కాసేపు ఆపరా" అన్నాడు.

2009 నాటి సంగతి. మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా ఉండేవాడు, నాన్నని అన్నయ్యా అని పిలిచేవాడు. నేనూ చూశాను ఆయన్ని, టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య కూర్చుని దగ్గుతూ లెక్కలు రాసేవాడు. నాన్న వెంటపడి పాలసీ కట్టించాడు. రెండేళ్ళు కట్టాడు. మూడో ఏడు డేటు దాటింది, ఆ తర్వాత ఇచ్చే ముప్ఫై రోజుల గడువూ దాటింది, కట్టలేదు. ఎందుకంటే వాళ్ళ ఊళ్ళో ఎవరో సిద్ధాంతి, ముప్ఫై ఆరో ఏడు గండం, అది దాటావంటే ఎనభై దాకా నీకు ఢోకా లేదు అన్నాడట. ముప్ఫై ఆరు దాటింది. గండం పోయాక ప్రీమియం దేనికి?

నాన్న మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాడు. లేటు ఫీజు కడితే మళ్ళీ నిలబెట్టొచ్చు, ఎంతో కాదు, చెబుదామని. మూడుసార్లూ తలుపు కర్టెన్ వెనకాల నుంచి వాళ్ళావిడ "ఆయన లేరండీ" అంది. గుమ్మం ముందు ఆయన చెప్పులున్నాయి. మూడోసారి నాన్న ఆ చెప్పుల్ని చూస్తూ ఒక నిమిషం నిలబడి వచ్చేశాడట.

ఆ వేసవిలో చిలకలూరిపేట నుంచి రాత్రిపూట వస్తున్నాడా గుమాస్తా. బస్సు కోసం నిలబడితే తెలిసినవాళ్ళు కార్లో ఎక్కించుకున్నారు. యడ్లపాడు దాటాక రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ. పదకొండో రోజున నాన్న వెళ్తే ఆవిడ అడిగింది, "అన్నయ్యగారూ, ఆ పాలసీ డబ్బులేమన్నా వస్తాయా?" అని. అప్పట్లో మూడేళ్ళన్నా కట్టి ఉంటే పెయిడప్ అని, కట్టడం ఆపేసినా ఎంతో కొంత వచ్చేది. రెండేళ్ళకి ఏమీ రాదు. అది చెప్పాడు. ఆవిడ చాలాసేపు ఊరుకుని, "మీరు ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది అన్నయ్యగారూ" అంది.

నాన్న ఈ సంగతి పదకొండేళ్ళు మా అమ్మకి కూడా చెప్పలేదు. టీవీలో యాపి కనుబొమలు అలాగే ఆగిపోయి ఉన్నాయి, ఆయన నాకు చెప్తున్నాడు. "బస్సు అయిదు నిమిషాలు ముందొచ్చి ఉంటే" అని రెండు మూడుసార్లు అన్నాడు.

మళ్ళీ ప్లే చేస్తే అదే గోల అక్కడా. బ్రక్‌మన్‌కి ఈ శక్తి ఎలా వచ్చిందంటే, 1959 ఫిబ్రవరి 3న బడ్డీ హాలీ పోయిన విమాన ప్రమాదంలో బిగ్ బాపర్ అనే ఇంకో గాయకుడూ పోయాడు. నాణెం ఎగరేసి సీటు గెలుచుకుని చావుకి ఎక్కాడే అని బ్రక్‌మన్ ఏళ్ళ తరబడి అదే ఆలోచించి ఆలోచించి ఇలా అయిపోయాడట. (నిజానికి నాణెం వేసి గెలిచింది అదే విమానంలో పోయిన రిచీ వాలెన్స్, బిగ్ బాపర్‌కి ఒంట్లో బాగాలేదని వేరే అతను సీటిచ్చాడు. ఇలాంటివి పట్టించుకునే జబ్బు నాకుంది.) నేను అనువాదం చేసి చెప్తే నాన్న నవ్వలేదు, "ఊఁ" అన్నాడు.

ఇప్పుడు మీ సస్పెన్స్ సంగతి. హంతకుడెవరో దాచడం ఆ ఎపిసోడ్ పనే కాదు. వాడికీ భవిష్యత్తు కనిపిస్తుంది, తను చేయబోయేది ముందే చూసి, ఎందుకు చేస్తున్నానో చెప్పించుకోవాలని జోస్యులందర్నీ తిరుగుతాడు. హోటల్ వంటగదిలో ముల్డర్ మీద పడతాడు, స్కల్లీ వచ్చి కాలుస్తుంది. అయిపోయింది. నాకు ఆ భాగం మామూలుగానే ఉంటుంది. ఇప్పుడొచ్చే వెబ్ సిరీస్‌లకి అలవాటుపడి మనకి ప్రతి పావుగంటకీ ఒక ట్విస్టు పడకపోతే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది, ఎనిమిది ఎపిసోడ్లు సాగదీసి చివర్లో "రెండో సీజన్లో చూడండి" అంటారు, దాన్ని మాత్రం స్లో అనం.

అసలు సీను స్కల్లీది. నేనెలా చచ్చిపోతాను అని అడుగుతుంది. బ్రక్‌మన్ "మీరు చనిపోరు" అంటాడు. దీని మీద ఫ్యాన్స్ ఇప్పటికీ కొట్టుకుంటారు, స్కల్లీ చిరంజీవి అని, కాదని. ఆరో సీజన్లో ఇంకో ఎపిసోడ్ తెచ్చి రుజువంటారు. అదంతా ఉత్తిదే. మా నాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు, "ఇప్పుడు ఏజెంటులా మాట్లాడాడురా" అని. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూసి మాట మార్చాడు, అంతకుముందు ఆ కుర్రాడి దగ్గర చేతకానిది ఇక్కడ చేశాడు. దీన్ని మించిన వివరణ నేను ఎక్కడా చదవలేదు.

చివర్లో బ్రక్‌మన్ తన ప్రాణం తనే తీసుకుంటాడు. స్కల్లీ మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంటుంది. పక్కింటి ముసలావిడ పోతే మిగిలిన కుక్కని ఆమెకి అప్పజెబుతూ చీటీ రాసిపెడతాడు. ఇంటికెళ్ళి ఆ కుక్కతో కూర్చుని టీవీ చూస్తుంటే యాపి ప్రకటన వస్తుంది, ఫోన్ చేయండి, మీ భవిష్యత్తు చెప్తానని. స్కల్లీ ఫోన్ తీసి టీవీ మీదికి విసిరికొడుతుంది. నాన్న చప్పట్లు కొట్టాడు, నిజంగా.

మర్నాడు పొద్దున్న అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని రాశిఫలాలు పెట్టుకుంది. కండువా ఆయన వృషభరాశి వారికి దీర్ఘాయువు అంటున్నాడు. నాన్న వచ్చి రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. విసురుతాడేమో అని నేను పేపర్ పక్కనపెట్టి చూస్తున్నాను. అమ్మది వృషభరాశి. సౌండ్ రెండు గీతలు తగ్గించి, ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాడు, "ఏం లేదండీ, డేటు దగ్గరికొచ్చింది, గుర్తుచేద్దామని" అనుకుంటూ.