వరద నీళ్లలో మంటలు ఎలా లేచాయి? (జాన్స్‌టౌన్, 1889)

అమెరికాలో పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్, రెండు నదులు కలిసే ఇరుకు లోయలో ఉంది. 1889 మే 31న ఎగువన 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సౌత్ ఫోర్క్ మట్టికట్ట తెగింది. అసలు తప్పు అక్కడే జరిగింది. అడుగున నీరు వదిలే గొట్టాలను ఎప్పుడో తీసి అమ్మేశారు. తర్వాత ఆ కట్ట వెనక ఉన్న చెరువును కొన్న ధనికుల చేపల వేట క్లబ్ వాటిని మళ్లీ పెట్టలేదు. పైగా బండ్లు పోవడానికి కట్ట ఎత్తు తగ్గించి, చేపలు పోకుండా అలుగుకు జాలీ బిగించింది. కుండపోత వానకు చెత్త జాలీకి అడ్డుపడి నీరు కట్ట మీంచి పొర్లింది. మట్టికట్టకు ఇంతకన్నా గండం లేదు. పొర్లే నీరు వెనక వాలును కోసుకుంటూ కట్టనే తినేస్తుంది.

దాదాపు గంటలో వరద ఊరిమీద పడింది. ఇళ్లు, చెట్లు, రైలు పెట్టెలు, కర్మాగారంలోని ముళ్లతీగ చుట్టలు అన్నీ రాతి రైలు వంతెన కమానుల దగ్గర ఇరుక్కున్నాయి. ఆ కుప్ప సుమారు 30 ఎకరాలు పరుచుకుంది. నీటికి పైన ఉన్న కలప తడవలేదు, కొట్టుకొచ్చిన ఇళ్లలో పొయ్యిలు ఇంకా రగులుతున్నాయి, నూనె కూడా ఒలికింది. నిప్పు అంటుకుంది. ముళ్లతీగలో చిక్కినవాళ్లు కదల్లేకపోయారు. మొత్తం మృతులు 2,200 మందికి పైగా.

1936 వరద తర్వాత సైనిక ఇంజనీర్లు నదీ గట్లకు కాంక్రీటు వేశారు. అయినా 1977 జులైలో ఊరు మళ్లీ మునిగింది; ఆ రాత్రి ఎగువన లారెల్ రన్ కట్ట కూడా తెగింది.