ఆర్‌వీలో వెళ్తున్నారా? ముందు ఇంట్లోవాళ్లకి ఒక కాగితం రాసివ్వండి

పోయిన వారం కూకట్‌పల్లిలో మా అక్క వాళ్లింట్లో ఉన్నాను. మేనకోడలు చుట్టాల పెళ్లికని డెన్వర్ నుంచి వచ్చి, తిరుగు ప్రయాణానికి సూట్‌కేసులు సర్దుకుంటోంది. హాలు మధ్యలో తూకం మిషన్, పక్కన గోంగూర పచ్చడి ప్యాకెట్లు. సర్దుతూ సర్దుతూ అడిగింది: "మామయ్యా, జూన్‌లో అమ్మావాళ్లు వస్తున్నారు కదా, ఆర్‌వీ, అదే పడకలూ వంటిల్లూ ఉండే బండి, అద్దెకి తీసుకుని ఎనిమిది రోజులు ఎల్లోస్టోన్ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం. అందులో వైఫై ఉంటుందా?"

ఉంటుందని నమ్ముకోవద్దమ్మా అనేలోపే మా బావగారు అందుకున్నారు. "అమెరికాలో నెట్ లేకపోవడమేంటి? మాకిక్కడ మెట్రో రైల్లో కూడా వీడియో కాల్ ఆగదు." ఆయన కంగారుకి కారణం ఉంది. వాళ్లమ్మగారికి 84 ఏళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్నకొడుకు దగ్గర ఉంటారు. పొద్దున్నే కాఫీ తాగాక పెద్దకొడుకు ఫోన్ రావాలి. రాకపోతే ఆవిడకి టిఫిన్ సహించదు.

"శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు చెక్‌పోస్టు దాటాక ఫోన్ ఏమవుతుంది బావగారూ?" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "అవును, అడవిలో సిగ్నల్ పోతుంది" అన్నారు. అక్కడ మనకి గంటో గంటన్నరో. ఎల్లోస్టోన్ ఉన్న వయోమింగ్ రాష్ట్రంలో అలాంటి దారులు రోజంతా ఉంటాయి. ఎల్లోస్టోన్ పార్కు ఒక్కటే దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. జీహెచ్‌ఎంసీ పాత హద్దులు 650 చదరపు కిలోమీటర్లు. 1872లో పార్కు పెట్టింది ఆ అడవినీ, వేడినీటి బుగ్గల్నీ కాపాడటానికి. టవర్లు కొన్ని జనావాసాల దగ్గరే కనిపిస్తాయి, మిగతాదంతా అడవే.

అమెరికాకి కొత్తగా వెళ్లినవాళ్లు ఈ వైఫై ప్రశ్న నన్ను తరచూ అడుగుతారు. నాకు ఇది గట్టిగా పట్టడానికి కారణం 2012 జూలై. అప్పుడు మా అమ్మ నల్లకుంటలో ఒక్కతే ఉండేది. "రోజూ ఫోన్ చేస్తానమ్మా" అని మాటిచ్చి, పిల్లల్ని తీసుకుని ఎల్లోస్టోన్ సరస్సు పక్కన దిగాం. రెండున్నర రోజులు ఒక్క కాల్ కలవలేదు. ఎలాగూ బయటికి వెళ్లాక చేస్తాంలే అనుకున్నాను. తూర్పు గేటు దాటి 50 మైళ్లు వచ్చి, కోడీ ఊళ్లో పెట్రోలు కొట్టిస్తుంటే చొక్కా జేబులో ఫోన్ ఆగకుండా వణికింది. పదకొండు వాయిస్ మెసేజీలు. మొదటి దాంట్లో మాటల్లేవు, వెనక ఫ్యాన్ చప్పుడు, అమ్మ ఊపిరి. రెండోదాంట్లో "నాన్నా, ఎక్కడున్నావురా". ఆ రెండు రోజులూ ఆవిడ సరిగా తినలేదని, ఫోన్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుందని పక్కింటివాళ్లు తర్వాత చెప్పారు. సిగ్నల్ లేకపోవడం కాదు అక్కడ తప్పు. ఉండదని నేను ముందే కనుక్కుని చెప్పకపోవడం తప్పు.

ఇక నెట్ సంగతి. అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది మీ సిమ్‌లు. కొత్తగా వెళ్లినవాళ్లందరూ చేసే పని, డబ్బు కలిసొస్తుందని ఇంటిల్లిపాదీ ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో చేరడం. ఊళ్లో ఉన్నంతకాలం దాంతో ఇబ్బంది లేదు. అడవిలో మాత్రం ఒకరి ఫోన్ పోతే అందరివీ పోతాయి, ఎందుకంటే అందరూ అదే టవర్ మీద ఉన్నారు. అమెరికాలో దేశమంతా సొంత టవర్లున్న పెద్ద కంపెనీలు మూడు: వెరిజాన్, ఏటీ అండ్ టీ, టీ మొబైల్. మింట్, విజిబుల్, క్రికెట్ లాంటి చౌక ప్లాన్లన్నీ వీటి టవర్లమీదే నడుస్తాయి. మింట్ టీ మొబైల్ మీద, విజిబుల్ వెరిజాన్ మీద, క్రికెట్ ఏటీ అండ్ టీ మీద. కాబట్టి రెండు వేర్వేరు పేర్లు చూసి రెండు నెట్‌వర్క్‌లు అనుకోకండి, వెనక టవర్ ఎవరిదో కనుక్కోండి. భార్యాభర్తలు ఇద్దరూ వేర్వేరు టవర్లమీద ఉంటే, కొత్త సామాను ఏదీ కొనకుండానే సగం సమస్య తీరుతుంది. ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులకి తీసే సిమ్ మూడో కంపెనీది తీయండి. నెలకి నాలుగైదు డాలర్లు ఎక్కువైనా ఫర్వాలేదు.

రెండో సిమ్ మీ ఫోన్‌లోనే వేద్దామనుకుంటే ఒక చిక్కుంది. మన వాళ్లందరికీ బ్యాంకు ఓటీపీల కోసం హైదరాబాద్ నంబరు ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఐఫోన్‌లో ఎన్ని ఈ-సిమ్‌లు (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్‌లు) దాచుకున్నా, ఒకేసారి పనిచేసేవి రెండే. అమెరికా సిమ్‌లు రెండూ ఆన్ చేస్తే హైదరాబాద్ నంబరు ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ఓటీపీ కావాల్సొస్తుంది. పాత ఫోన్ ఏదైనా ఇంట్లో ఉంటే రెండో సిమ్ దాంట్లో వేసి హాట్‌స్పాట్‌గా వాడుకోవడం మేలు. ఇంకో మాట, అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14 నుంచి సిమ్ పెట్టే ట్రేనే లేదు. అక్కడికెళ్లాక ఫోన్ మార్చే ఆలోచన ఉంటే, మీ జియో, ఎయిర్‌టెల్ నంబరుని హైదరాబాద్‌లో ఉండగానే ఈ-సిమ్‌కి మార్పించుకోండి.

సిగ్నల్ గీతలు చూసి మోసపోవద్దు. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద నిలబడితే ఫోన్‌లో నాలుగు గీతలుంటాయి, మెసేజ్ మాత్రం వెళ్లదు. జూన్, జూలైలో పార్కులోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ దగ్గర సరిగ్గా అదే పరిస్థితి. టవర్ ఉంటుంది, జనం దానికి మించి ఉంటారు. పైగా చౌక ప్లాన్లలో చాలావాటికి రద్దీ వేళ ముందు వరస ఉండదు. అదే టవర్ మీద ఎక్కువ డబ్బు కట్టినవాళ్ల డేటా వెళ్లాకే మీది కదులుతుంది. డేటా అన్‌లిమిటెడ్ అని రాసి ఉన్నా, హాట్‌స్పాట్‌కి ఎన్ని జీబీలో విడిగా ఉంటుంది, అది చదవండి. రద్దీ తప్పించుకోవాలంటే తెల్లవారుజామునే. ఐదున్నరకి లేచి ఫోటోలు పంపితే వెళ్లిపోతాయి, రాత్రి తొమ్మిదికి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

క్యాంప్‌గ్రౌండ్ వైఫై కూడా అంతే. ఆఫీసు గది పక్కన ఒక కనెక్షన్, దానిమీద వందా రెండు వందల బండ్లు. వాట్సాప్ మెసేజ్‌కి పనికొస్తుంది, వీడియోకి పనికిరాదు. ఆఫీసు గదికి దగ్గరగా ఉన్న సైటు (బండి నిలిపే చోటు) అడిగి తీసుకుంటే కాస్త నయం. ఆర్‌వీ గోడలు కొన్నిటికి అల్యూమినియం రేకు, లోపలికి సిగ్నల్ సరిగా రాదు. ముందు బయట కుర్చీ వేసుకుని చూడండి.

సిగ్నల్ బూస్టర్ కొనమంటారా అని చాలామంది అడుగుతారు. బూస్టర్ ఉన్న సిగ్నల్‌ని పెంచుతుంది, లేనిదాన్ని పుట్టించదు. సున్నాని ఎంతతో హెచ్చవేసినా సున్నాయే కదా. ఏడాదికి ఒక ట్రిప్ వెళ్లేవాళ్లకి నేను వద్దనే చెప్తాను. ఎవరైనా వాడితే దాన్ని తమ ఫోన్ కంపెనీ దగ్గర రిజిస్టర్ చేయాలి, అది అక్కడి నియమం.

ఉపగ్రహాల ద్వారా నెట్ ఇచ్చే స్టార్‌లింక్ మాత్రం వేరే కథ. మామూలు డిష్ టీవీ ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. స్టార్‌లింక్‌వి సుమారు 500 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి. అందుకే మాటకి మాట వెంటనే అందుతుంది, వీడియో కాల్ సాఫీగా సాగుతుంది. ఆర్‌వీల కోసం ఆ కంపెనీ 2022లో విడిగా ప్లాన్ తెచ్చింది, 2024లో మినీ అనే చిన్న డిష్ వచ్చింది. బరువు కిలోకి కొంచెం ఎక్కువ, బ్యాక్‌ప్యాక్‌లో పడుతుంది. కరెంటు సుమారు 25 నుంచి 40 వాట్లు తింటుంది, పెద్ద డిష్ అయితే 75 నుంచి 100. ఈ తేడా హుక్అప్ (క్యాంపులో బండికి ఇచ్చే కరెంటు, నీళ్ల కనెక్షన్) లేని చోట ప్రాణం మీదికొస్తుంది. అద్దె బండిలో వెనక గదికి 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది 100 ఆంపియర్ అవర్ల మామూలు లెడ్ బ్యాటరీ అనుకోండి. దాన్ని సగానికంటే కిందికి దించకూడదు కాబట్టి మీ చేతిలో ఉండేది 600 వాట్ అవర్లు. మినీని 30 వాట్ల లెక్కన 8 గంటలు నడిపితే 240 పోతుంది. మిగిలినదాంతో లైట్లు, నీళ్ల పంపు, చలి వేస్తే హీటర్ ఫ్యాను నడవాలి. పెద్ద డిష్ పెడితే అర్ధరాత్రికి బండి చీకటి. జనరేటర్ వేద్దామంటే రాత్రిపూట వేయనివ్వరు.

స్టార్‌లింక్ డిష్‌కి ఆకాశం తెరిపిగా కనిపించాలి. ఎల్లోస్టోన్ క్యాంపుల్లో నిటారుగా పెరిగిన పైన్ చెట్లు, వాటి కింద డిష్ పెడితే ప్రతి అర నిమిషానికీ మాట తెగుతుంది. దాని యాప్‌లో కెమెరా తెరిచి ఆకాశం చుట్టూ తిప్పితే ఏ చెట్టు అడ్డమో చూపిస్తుంది. సామాను దించకముందే ఆ పని చేయండి, సైటు మార్చుకునే వీలుంటే అప్పుడే ఉంటుంది. ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోట కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ ఉన్న ఆర్‌వీ పార్కు ఉంది, పార్కు లోపల అలాంటిది అదొక్కటే. ఎలుగుబంట్ల వల్ల అక్కడ గుడారాలు వేయనివ్వరు, గట్టి గోడలున్న బండ్లే. పెద్దవాళ్లతో వెళ్తే నేను అక్కడే బుక్ చేస్తాను.

మరి స్టార్‌లింక్ కొనాలా? సెలవు పెట్టి వెళ్తే అక్కర్లేదు. మా మేనకోడలి భర్తకి మాత్రం మధ్యలో రెండు రోజులు ఆఫీసు ఉందట. అతనికి నేను చెప్పింది, ఆ రెండు రోజులూ అడవిలో ఉండొద్దని. కోడీలోనో వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లోనో ఫుల్ హుక్అప్ ఉన్న పార్కులో దిగి, పొద్దున మీటింగులు అయ్యాక మధ్యాహ్నం లోపలికి వెళ్లి రావచ్చు. అమెరికాలో చిన్న ఊళ్లో కూడా పబ్లిక్ లైబ్రరీ ఉంటుంది, వైఫై ఉచితం, కుర్చీ ఉంటుంది, నిశ్శబ్దం ఉంటుంది. మీటింగ్ ఇన్విటేషన్‌లో డయల్ చేసే ఫోన్ నంబరు ఉంటే రాసి పెట్టుకోండి, డేటా లేకపోయినా మామూలు కాల్ కలిసే చోట్లు చాలా ఉంటాయి. అదే ట్రిప్‌లో కెనడా వైపు దాటాలనుకుంటే ల్యాప్‌టాప్ తెరిచే ముందు ఆఫీసులో అడగండి. వీసా మీద ఉన్నవాళ్లు ఇది తేలిగ్గా తీసుకోకూడదు.

బయల్దేరే ముందు రోజు ఇంటి వైఫై మీద గూగుల్ మ్యాప్స్‌లో దారి మొత్తం ఆఫ్‌లైన్‌గా దించుకోండి. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, మ్యాప్ ఫోన్‌లో ఉంటే చాలు. నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌లో పార్కు మొత్తాన్ని దాచుకోవచ్చు. బుకింగ్ కాగితాలు, ఇన్సూరెన్స్, అమ్మానాన్నల మందుల చీటీలు ఫోటో తీసి పెట్టుకోండి, ఈమెయిల్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు.

ఆపదొస్తే 911. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, పక్క కంపెనీ టవర్ అందితే ఆ కాల్ వెళ్తుంది. అదీ అందని చోట, ఐఫోన్ 14 ఆ పైవాటిలో ఉపగ్రహం ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే ఏర్పాటు 2022 నవంబరు నుంచి అమెరికాలో ఉంది. బండి బయటికి వచ్చి, ఆకాశం కనిపించే చోట నిలబడి, ఫోన్ చెప్పిన వైపు తిప్పాలి. సెట్టింగ్స్‌లో డెమో ఉంటుంది, డెన్వర్‌లో మీ ఇంటి ముందే ఒకసారి చేసి చూడండి. మీరు ఒక్కరే కాదు, అమ్మ చేత కూడా చేయించండి.

ఇప్పుడు ఇంట్లోవాళ్లకి ఇచ్చే కాగితం. ఒక్కో రోజుకి ఒక్కో వరస: తేదీ, రాత్రి ఎక్కడ ఉంటాం, సైటు నంబరు, క్యాంప్ ఆఫీసు ఫోన్, సిగ్నల్ ఉంటుందా ఉండదా. సిగ్నల్ సంగతి అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన కవరేజ్ మ్యాప్‌లో మూడు కంపెనీలదీ ఒకేచోట కనిపిస్తుంది. అనుమానంగా ఉన్న చోట "ఉండదు" అనే రాయండి. కింద, ఏ రోజు దాకా ఫోన్ రాకపోయినా కంగారు పడక్కర్లేదో, ఏ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. వేళలు హైదరాబాద్ టైములో రాయండి. జూన్‌లో వయోమింగ్‌కీ మనకీ తేడా 11 గంటల 30 నిమిషాలు. వచ్చే ఏడాది గ్రాండ్ కాన్యన్ వెళ్తే ఇది మారుతుంది. అది ఉన్న అరిజోనా రాష్ట్రం వేసవిలో గడియారం గంట ముందుకి జరపదు, అక్కడ తేడా 12 గంటల 30 నిమిషాలు. అదే రాష్ట్రంలో నవాహో ఆదివాసీల ప్రాంతం మాత్రం జరుపుతుంది. ఆ ప్రాంతంలోని మాన్యుమెంట్ వ్యాలీ చుట్టుపక్కల తిరిగితే ఏ టవర్ అందితే ఆ టైము ఫోన్ చూపిస్తుంది, గంట తేడాతో ఇక్కడ అమ్మ ఎదురుచూస్తుంది.

మేనకోడలు సూట్‌కేసు పక్కన పెట్టి, పెళ్లి శుభలేఖ వెనకాల అట్టమీద ఎనిమిది వరసలు గీసింది. మూడు రోజుల ఎదురుగా "ఉండదు" అని పడింది. మిగతా రోజుల్లో వయోమింగ్ రాత్రి ఎనిమిదికి, ఇక్కడ మర్నాడు పొద్దున ఏడున్నరకి ఫోన్ అని రాసింది. బావగారు కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఒక్క మార్పు చేయించారు. ఏడున్నరకి వాళ్లమ్మగారు తులసికోట దగ్గర ఉంటారట. ఏడు నలభై ఐదు అని దిద్దించి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్రిజ్ తలుపుకి తనే వెళ్లి అంటిస్తానన్నారు.