కాలనీలో ఇల్లు కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నల్లగొండ నుంచి ఒక పాఠకురాలు: మేమిద్దరం ఉద్యోగులం. పట్టణం అంచున ఉన్న కాలనీలో 30×50 అడుగుల స్థలంలో పన్నెండేళ్ల కింద కట్టిన ఇల్లు చూశాం. కింద మేము ఉండొచ్చు, పై పోర్షన్ కిరాయికి ఇవ్వొచ్చు. గల్లీ ముందుకు పోదు కాబట్టి బండ్ల రొద లేదు. 58 లక్షలు చెబుతున్నారు, వారంలో బయానా ఇవ్వమంటున్నారు. ముందుగా ఏం చూసుకోవాలి?

జవాబు: బయానాకు తొందరపడకండి. ముందు దస్తావేజు జిరాక్సు అడిగి తీసుకోండి. అందులోని కొలతలు, హద్దులు నేల మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో టేపు పట్టి చూడండి. 30×50 అంటే 1500 చదరపు అడుగులు, అంటే 166.66 గజాలు. ముందు వెడల్పు ఒక్కటే కొలిచి వచ్చేస్తే లాభం లేదు. వెనక వెడల్పు, రెండు పక్కలూ విడివిడిగా కొలవాలి. మధ్యలో ఇల్లుంది కాబట్టి మూల నుంచి మూలకు కొలవడం కుదరదు. అందుకే ప్రహరీ మూలల్లో ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం చూడండి. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల మట్టంగా ఉన్నట్టు. ఎక్కువ వస్తే మూల విచ్చుకుంది, తక్కువ వస్తే ముడుచుకుంది. ముందు 30 ఉండి వెనక 28న్నరే వస్తే ప్రహరీ కట్టేటప్పుడే పక్కింటివారి వైపు హద్దు లోపలికి జరిగి ఉంటుంది. స్థలం ఎక్కువ వచ్చినా సంతోషించకండి. ఆ ఎక్కువ చాలాసార్లు రోడ్డుదే. మున్సిపాలిటీ మోరీ కట్టడానికి వచ్చిన రోజు మీ గేటూ మెట్లూ తీసేయమంటుంది. దస్తావేజులో విస్తీర్ణం ఒకటి, హద్దులు ఇంకొకటి చెప్పినప్పుడు కోర్టులు మామూలుగా హద్దులకే ఎక్కువ విలువిస్తాయి. అందుకని తూర్పున ఫలానా ప్లాటు, పడమర 30 అడుగుల రోడ్డు అని రాసిన ప్రతి మాటా అక్కడ నిలబడి సరిచూసుకోండి.

తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల జాబితా. 30 ఏళ్లకు తీయించండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. చాలామంది ఇంటి నంబరుతో ఒక్కసారి వెతికి ఏమీ లేదని ఊరుకుంటారు. ఇల్లు లేని రోజుల్లో ఆ స్థలం సర్వే నంబరు, ప్లాటు నంబరు మీదే రిజిస్టరై ఉంటుంది. కాబట్టి ఇంటి నంబరుతో ఒకసారి, సర్వే, ప్లాటు నంబర్లతో ఒకసారి, దస్తావేజు నంబరుతో ఒకసారి వెతకాలి. బ్యాంకు తనఖా కనిపిస్తే దాని విడుదల దస్తావేజు కూడా ఈసీలో కనిపించాలి. అప్పు తీరిపోయింది అన్న నోటిమాట చాలదు. ఈసీలో ఎక్కనివీ ఉంటాయి: రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, వీలునామాలు, నోటిమాట పంపకాలు, నడుస్తున్న దావాలు. వీటి కోసమే వకీలుతో లింకు దస్తావేజులన్నీ, అంటే అంతకుముందు చేతులు మారినప్పటి కాగితాలన్నీ, వరసగా చదివించాలి, పేపర్లో ప్రకటన వేయించాలి.

అమ్మేవారికి ఆ ఇల్లు తండ్రి నుంచి వచ్చిందా అని తప్పకుండా అడగండి. హిందూ కుటుంబాల్లో తండ్రి వీలునామా లేకుండా పోతే ఆయన తల్లి, భార్య, కొడుకులతోపాటు కూతుళ్లకూ సమాన భాగం ఉంటుంది. పెళ్లయిపోయింది, కట్నమిచ్చాం అన్నది చట్టం ముందు నిలవదు. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూసి, అందులో ఉన్న ప్రతి ఒక్కరూ దస్తావేజు మీద సంతకం పెట్టేలా చూసుకోండి. ఒక్క బిడ్డ సంతకం లేకపోయినా పదేళ్ల తర్వాత కూడా పంపకం దావా రావచ్చు.

పై పోర్షన్‌కు మున్సిపల్ పర్మిషన్ ఉందా? మంజూరైన ప్లాను తీసుకుని మెట్ల దగ్గర నిలబడి పోల్చండి. ప్లానులో గ్రౌండ్ ఫ్లోరే ఉండి పైన పోర్షన్ లేచి ఉంటే, దానికి ఇంటిపన్ను కడుతున్నా అది సక్రమమైనట్టు కాదు. పన్ను వసూలు వేరు, పర్మిషన్ వేరు. బ్యాంకు ఇంజినీరు కూడా పర్మిషన్ లేని అంతస్తుకు విలువ కట్టకపోవచ్చు, అప్పుడు మీ లోను లెక్క తలకిందులవుతుంది.

ఇక డబ్బు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 2021 జులై నుంచి 7.5 శాతం: స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. మీ 58 లక్షలకు 4 లక్షల 35 వేలు అవుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణాల్లో బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం దాకే ఇవ్వాలి, అంటే 46 లక్షల 40 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు. కాబట్టి 11 లక్షల 60 వేలూ, 4 లక్షల 35 వేలూ కలిపి దాదాపు 16 లక్షలు మీ చేతిలో ఉండాలి. ధర 50 లక్షలు, ఆపైన ఉంది కాబట్టి ఒక శాతం, 58 వేలు, అమ్మేవారి ఆదాయపు పన్ను కింద (టీడీఎస్) మీరే పట్టుకుని అమ్మేవారి పాన్ మీద కట్టాలి. మినహాయించిన నెల ముగిశాక 30 రోజుల్లోపు కట్టకపోతే వడ్డీ, ఆలస్య రుసుము మీ మీదే పడతాయి.

దస్తావేజులో 35 లక్షలే రాద్దాం, మిగతాది చేతికివ్వండి అంటే ఒప్పుకోకండి. బ్యాంకు ఆ 35నే చూస్తుంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 35గానే నిలుస్తుంది కాబట్టి లాభం మీద పన్ను మీకూ పెరుగుతుంది.

గల్లీ ముందుకు పోదన్నారు. ఎందుకు పోదో లేఅవుట్ నక్షాలో చూడండి. చివర పక్కా ప్లాటు ఉంటే ఆ ప్రశాంతత నిలుస్తుంది. ఖాళీ చెల్క ఉంటే మాత్రం రేపు అక్కడ వెంచర్ పడి మీ రోడ్డే దానికి దారి కావచ్చు. మున్సిపల్ ఆఫీసులో మాస్టర్ ప్లాను చూస్తే ఆ రోడ్డు ముందుకు గీసి ఉందో లేదో తెలుస్తుంది. గల్లీ చివర పల్లంగా ఉంటే వాననీళ్లన్నీ అక్కడే నిలుస్తాయి. మీ ఇల్లు ఆఖరిదైతే గేటు దగ్గర రోడ్డు మట్టం ఎక్కువుందా, ఇంటి మట్టం ఎక్కువుందా కొలవండి. మళ్లీ సీసీ రోడ్డు వేస్తే ఇంకో అర అడుగు లేస్తుందని లెక్క వేసుకోండి.

చండూరు నుంచి: కొనబోయే ఇంట్లో బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయి. టీడీఎస్ మీటరు 350 చూపించింది. ఫ్లోరైడ్ గురించి బెంగ అక్కర్లేదంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పలేదు. రుచి, వాసన, రంగు దేనితోనూ తెలియదు. కాల్షియం తక్కువుండే మెత్తటి నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండగలదు, కాబట్టి తియ్యటి నీళ్లను ఇంకా అనుమానించాలి. నల్లగొండ జిల్లాలో ఇది కిందున్న గ్రానైటు రాయి నుంచి వస్తుంది. పక్కపక్క బోర్లలో కూడా తేడా ఉంటుంది. పక్కింటి రిపోర్టు మీకు పనికిరాదు.

బోరు పది నిమిషాలు నడిపాక, అదే నీళ్లతో మూడుసార్లు కడిగిన లీటరు ప్లాస్టిక్ సీసాలో పట్టి తాగునీటి పరీక్షల ల్యాబుకు ఇవ్వండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. అంతకు మించితే తాగడానికీ వంటకూ వద్దు. కాచితే పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ యంత్రం కూడా తీయలేవు. ఆర్‌వో చాలావరకు తీస్తుంది, కానీ మెంబ్రేన్ అరిగాక నీళ్లు చూడటానికి అలాగే ఉంటాయి. అందుకని యంత్రం నుంచి వచ్చే నీళ్లను కూడా ఏడాదికోసారి పరీక్ష చేయించాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో శుద్ధి చేసే నల్లగొండ పద్ధతి నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. మంచి పద్ధతే కానీ పాళ్లు నీటిని బట్టి మారాలి, ఇంట్లో రోజూ అంత శ్రద్ధగా చేయడం కష్టం.

అన్నిటికంటే మేలు మిషన్ భగీరథ నల్లా నీళ్లు. ఇక్కడ చాలా ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతోంది: నల్లా నీళ్లూ, బోరు నీళ్లూ ఒకే సంపులో పడతాయి. అప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నా వంటింట్లోకి బోరు ఫ్లోరైడే చేరుతుంది. సంపు మూత ఎత్తి చూడండి. రెండు పైపులు లోపలికి వస్తుంటే నల్లా నీళ్లకు వేరే చిన్న ట్యాంకు పెట్టించి, వంటింటి కుళాయి దానికి మాత్రమే కలపండి. ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో దీన్ని వాయిదా వేయొద్దు. పళ్లు తయారయ్యే ఆ వయసులో పడ్డ మచ్చలు తర్వాత మానవు.

జడ్చర్ల నుంచి: పట్టణానికి దగ్గర్లో గుంటల లెక్కన ప్లాట్లు అమ్ముతున్నారు. నోటరీ కాగితం ఇస్తారట, తర్వాత ఇల్లు కట్టుకోవచ్చంటున్నారు. పంచాయతీ ముద్ర ఉన్న నక్షా కూడా చూపించారు.

జవాబు: తీసుకోవద్దు. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైతేనే హక్కు మారుతుందని చట్టం. నోటరీ సంతకాన్ని ధ్రువీకరిస్తుందే తప్ప హక్కునివ్వదు. జీపీఏ (అధికార పత్రం) మీద కొనడం కూడా అమ్మకం కిందకు రాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. గుంట అంటే 121 గజాలు. గుంటల లెక్కన అమ్ముతున్నారంటే అది ఇంకా వ్యవసాయ భూమే. దాని రిజిస్ట్రేషన్ ప్రభుత్వ భూరికార్డుల వ్యవస్థ భూభారతిలో తహసీల్దార్ దగ్గర జరగాలి, ఇల్లు కట్టాలంటే వ్యవసాయేతర భూమిగా మార్చే నాలా మార్పిడి కావాలి. లేఅవుట్ మంజూరు చేసే అధికారం పంచాయతీ ముద్రకు లేదు. పట్టణ ప్రణాళికా శాఖ (డీటీసీపీ) మంజూరు నంబరు అడగండి. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్‌లో చేయించుకోవచ్చులే అంటే, ఆ పథకం 2020 ఆగస్టు 26 నాటికే ప్లాట్ల రిజిస్ట్రేషన్లు జరిగిన లేఅవుట్లకే. చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) నుంచి కూడా లెక్క చూడాలి: 10 హెక్టార్లు, ఆపై చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి.

వనపర్తి నుంచి: ఇల్లంతా కొత్తగా రంగులు వేశారు. అయినా కిటికీల మూలల్లో సన్న పగుళ్లు కనిపిస్తున్నాయి. కొనొచ్చా?

జవాబు: పగులు ఎటు పోతోందో చూడండి. వెంట్రుక మందాన, అల్లిబిల్లిగా ఉంటే ప్లాస్టరు ఎండినప్పుడు పడ్డవి, భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా లేచి, ఒక చివర వెడల్పుగా ఇంకో చివర సన్నగా ఉంటే పునాది ఒక పక్క కుంగుతోందని అనుమానించాలి. ఎర్ర చెల్క నేలల్లో ఇది తక్కువ. నల్లరేగడి నేల, పూడ్చిన కుంట, పూడ్చిన బావి మీద కట్టిన ఇళ్లలో ఎక్కువ. ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బే నేల పునాదిని ఊపుతూనే ఉంటుంది. పగులుకు అడ్డంగా చిన్న గాజుముక్కను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, తేదీ రాసి, ఒక వానాకాలం ఆగండి. గాజు విరిగిందంటే కదలిక ఇంకా ఉంది. అంత ఆగలేనంటే స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించకుండా కొనకండి.

సీలింగ్ మీద గోధుమరంగు చారలుంటే లోపలి ఇనుము తుప్పు పట్టిందేమో అని అనుమానించాలి. కర్రతో మెల్లగా తట్టితే డొల్ల చప్పుడు వచ్చేచోట కాంక్రీటు ఊడి ఉంది. గోడల కింద రెండు మూడు అడుగుల ఎత్తున రంగు పొక్కిపోతే నేల తేమ పైకి పాకుతోంది. కొత్త రంగు ఒక్క సీజను దాస్తుంది కాబట్టి అల్మారాల వెనక, మెట్ల కింద చూడండి, అక్కడ రంగు వేయరు.

సూర్యాపేట నుంచి: ప్రశాంతంగా ఉండే గల్లీ కావాలి. చూడటానికి వెళ్లినప్పుడు అన్నీ ప్రశాంతంగానే కనిపిస్తాయి. ఎలా పసిగట్టాలి?

జవాబు: మధ్యాహ్నం పూట చూడకండి. పొద్దున బడి వేళ, రాత్రి తొమ్మిది తర్వాత, పెళ్లి ముహూర్తమున్న రోజు, గట్టి వాన పడ్డ మర్నాడు, ఇలా వేర్వేరు వేళల్లో వెళ్లండి. అర కిలోమీటరులో ఫంక్షన్ హాలు ఉంటే బరాత్ ఏ రోడ్డున పోతుందో కిరాణా కొట్టు ఆయనను అడగండి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మిర్యాలగూడ వైపు అయితే రైస్ మిల్లు గాలి ఎటు వీస్తుందో, ఊక బూడిద డాబా మీద పడుతుందో లేదో తడి గుడ్డతో పిట్టగోడ తుడిచి చూడండి. ఖాళీ ప్లాట్లలో సర్కారు తుమ్మ పెరిగి ఉంటే పాములు, దోమలు తప్పవు. వాటి యజమానులు ఊళ్లో ఉన్నారో లేదో కనుక్కోండి. ఇంటి ముందు 11 కేవీ తీగలుంటే బాల్కనీ నుంచి పక్కకు 1.2 మీటర్లు, డాబా పైన 3.7 మీటర్లు ఎడం ఉండాలి. మీద ఇంకో అంతస్తు వేసే ఆలోచనుంటే ఇప్పుడే లెక్క చూడండి, తర్వాత లైను మార్పించే ఖర్చు మామూలుగా మీ మీదే పడుతుంది.

మహబూబ్‌నగర్ నుంచి: రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇంకేం మిగిలింది?

జవాబు: ఇంటిపన్ను, నల్లా, కరెంటు మీటరు మూడూ మీ పేరు మీదికి రావాలి. రిజిస్ట్రేషన్‌తోనే మ్యుటేషన్ (పేరు మార్పు) నమోదైందో లేదో మున్సిపల్ రికార్డులో సరిచూసుకోండి. పాత బకాయి ఉంటే నెలకు 2 శాతం వడ్డీతో మీ నెత్తిన పడుతుంది. ఏప్రిల్ 30లోపు ఏడాది పన్ను కడితే 5 శాతం తగ్గింపు దొరుకుతుంది. కరెంటుకు యూఎస్‌సీ నంబరు (కనెక్షన్ నంబరు), దస్తావేజు పెట్టి సబ్‌డివిజన్ ఆఫీసులో పేరు మార్పు అడగండి. తర్వాత నెలన్నర ఆగి మీ పేరుతో ఈసీ ఒకటి తీయించి, హద్దులు అచ్చుతప్పు లేకుండా ఎక్కాయో చదవండి. తప్పుంటే అమ్మినవారితోనే సవరణ దస్తావేజు రాయించాలి. వారు ఊరు మారకముందే ఆ పని కానివ్వండి.